ముగ్గు చోట సాలెగూడు

గుమ్మం ముందు, ముగ్గు పెట్టాల్సిన చోట, రేణు సుద్దముక్కతో సాలెగూడు గీస్తోంది.

"పండగపూట వాకిట్లో సాలెగూడు గీసే కోడల్ని ఇక్కడే చూస్తున్నాను," అంది నాగమల్లేశ్వరి కుర్చీలోంచి.

రేణు తల ఎత్తలేదు. "హాలోవీన్ కదా అత్తయ్యా. దెయ్యాల వేషాలేసుకుని పిల్లలొస్తారు చాక్లెట్లకి."

"దీపావళి కూడా ఈరోజేగా."

ఆ ఏడాది రెండూ ఒకే రోజు పడ్డాయి. నేపర్‌విల్‌లో ఆ వీధిలో ఉన్న మిగతా మూడు తెలుగు ఇళ్ల ముందూ గుమ్మడికాయల పక్కనే ప్రమిదలు వరస తీరాయి. రేణు ఇంట్లో ఒక్క ప్రమిద కూడా బయటికి రాలేదు.

హాలోవీన్‌కి మాత్రం ఏ లోటూ చేయలేదామె. ఖాళీ పాల క్యాన్లకి నల్ల మార్కర్‌తో కళ్లూ నోరూ గీసి, లోపల చిన్న లైట్లు పెట్టి మెట్ల పక్కన నిలబెట్టింది. పాత దుప్పటి చింపి మూడు దెయ్యాలు చేసి మేపుల్ చెట్టుకి కట్టింది. నల్ల కాగితంతో కత్తిరించిన గబ్బిలాలు తలుపు మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా ఎగురుతున్నాయి. మొత్తం కలిపి ఇరవై డాలర్లు దాటలేదు. దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు.

"నానమ్మా, అది స్కేరీ కాదు, క్యూట్," అంది గబ్బిలం వేషంలో ఉన్న ఎనిమిదేళ్ల హంసిక.

"మీ అమ్మకి ఓపిక లేదనుకున్నానే. దేవుడి పనికే ఆ ఓపిక లేదన్నమాట."

రేణు సాలెగూడుకి ఇంకో పోగు గీసింది.

నాగమల్లేశ్వరికి గుండె ఆపరేషన్ జరిగి ఐదు వారాలైంది. ఇంకో మూడు వారాలు ప్రయాణాలు వద్దని, మనసు కష్టపడే మాట ఒక్కటి కూడా ఆమె చెవిన పడకూడదని డాక్టరు కొడుకునీ కోడల్నీ పక్కకి పిలిచి గట్టిగా చెప్పాడు. అందుకే ఆమె ఎన్ని అన్నా రేణు ఎదురు చెప్పడం లేదు. కానీ ఆమె అడిగింది చేయడమూ లేదు.

దసరాకీ అంతే జరిగింది. పెద్దకొడుకు నిశాంత్ ఆఫీసు పని మీద వారం రోజులు ఊళ్లో లేడన్న వంకతో రేణు బొమ్మలకొలువు పెట్టలేదు, పరమాన్నం వండలేదు. ఈరోజు తలంటు లేదు. పదిన్నర దాకా గది తలుపే తీయలేదు. పోయినేడు ఇదే మెట్ల మీద నూటఎనిమిది దీపాలు పెట్టిన పిల్ల ఇంతలో ఎలా మారిపోయిందో నాగమల్లేశ్వరికి అంతుపట్టలేదు. ఏటా కాజాలు తెచ్చే పక్కింటి గీతాంజలి కూడా ఈసారి వట్టి చేతులతో వచ్చి, రేణు పక్కన కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. మనం పెడితే కదా ఒకళ్లు మనకి పెట్టేది అనుకుంది నాగమల్లేశ్వరి.

ఇద్దరు కొడుకుల్లో చిన్నవాడు అఖిల్ మేలనిపించింది. తను ఉద్యోగం చేసే బాతెల్ నుంచి విమానంలో వచ్చి, ఆసుపత్రిలో పది రోజులు మంచం పక్కనే కూర్చున్నాడు. తిరిగి వెళ్లాక కొత్త ప్రాజెక్టు నెత్తిన పడిందట, ఫోన్ ఎత్తే తీరిక లేదు. అయినా రోజూ మెసేజ్ పెడతాడు. ఈ పొద్దున కూడా శుభాకాంక్షలు పంపాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది.

సాయంత్రమయ్యేసరికి వీధి నిండా పిల్లలే. బెల్ మోగినప్పుడల్లా హంసిక చాక్లెట్ల గిన్నెతో పరిగెత్తింది. ఆ సందడి కాస్త తగ్గాక నాగమల్లేశ్వరి మెల్లగా లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో నూనె పోసిన ప్రమిద ఉంది. అందులో ఒత్తి ఉంది.

రేణు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో రేణూ. నేనే పెడతాను."

"వద్దత్తయ్యా."

"ఒక్కటే."

"ఇన్ని లైట్లు పెట్టాను కదా. ఇవి వెలగనివ్వండి చాలు."

"పాల డబ్బాలు దీపాలా?"

రేణు ఆమె చేతిలోంచి ప్రమిద తీసుకుంది. నూనె సాలెగూడు మీద ఒలికింది.

"నావల్ల కాదత్తయ్యా. ఏదన్నా అడగండి, ఇది మాత్రం అడక్కండి."

నాగమల్లేశ్వరి మెట్ల మీద నిలబడ్డ కొడుకు వైపు చూసింది. నిశాంత్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. పెళ్లాన్ని ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూసింది.

"రేపే నాకు టికెట్ బుక్ చెయ్యి," అందామె తిరిగి కుర్చీలో కూర్చుంటూ. గొంతు పెంచలేదు. "బాతెల్ పోతాను. పెళ్లీ పెటాకులూ లేనివాడైనా, నా చిన్నాడు నా ఎదురుగా దీపం పెడతాడు."

హంసిక గిన్నె పట్టుకుని అందరి ముఖాలూ చూస్తోంది. రేణు కూతుర్ని దగ్గరికి తీసుకుని లోపలికి పంపేసింది.

నిశాంత్ వచ్చి తల్లి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మూడు వారాలు ఆగమ్మా. డాక్టర్ సరేనన్న మర్నాడే నేను తీసుకెళ్తాను."

"ఒట్టు?"

అతను ఆమె చేతిలో చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. మొగుడూపెళ్లాలిద్దరి కళ్లలోనూ నీళ్లు చూసి నాగమల్లేశ్వరి కోపం కాస్త దిగింది. తను మరీ కటువుగా మాట్లాడానేమో అనుకుంది. కొడుకు తల మీద చెయ్యి వేసి నిమిరింది.

"సరేలే, ఊరుకోండి. ఈ గొడవంతా వాడికి చెప్పకండి. పండగపూట ఒంటరిగా ఉన్నాడు, బాధపడతాడు."

పొద్దున శుభాకాంక్షలు పంపిన ఫోన్ నిశాంత్ జేబులోనే ఉంది. అఖిల్ చనిపోయి ఆ సాయంత్రానికి ఇరవై మూడు రోజులు.