అంచుదాకా పులుసు

సముద్రం ముందుకొచ్చాక ఊరంతా కొండెక్కింది. ఆ ఎత్తుకి ఒక్క ఊపిరి చాలదని ప్రతి కారుకూ రెండు పెట్టారు. బయల్దేరేటప్పుడు ఇంజను బెల్టుతో తిరిగే సూపర్‌చార్జరు గాలి కొడుతుంది. వేగం అందుకున్నాక పొగతో తిరిగే టర్బో ఆ పని తీసుకుంటుంది. చేతులు మారేది మూడో మలుపులో. అక్కడ కుదుపు తప్పదు. అందుకే కొండమీద ఎవరూ గిన్నె నిండా పులుసు పొయ్యరు; మొయ్యలేని పెద్ద గిన్నెలు అటకెక్కేశాయి. ఆ మలుపు రాగానే ఎవరి చెయ్యి వాళ్ల గిన్నె మూతమీదికి దానంతటదే పోతుంది.

పెళ్లిళ్లకు వండే వరహాలమ్మ మాత్రం ఆవేళ అంచుదాకా పోసింది, మెకానిక్కు పని చేసే తన కోడలు ఈశ్వరి పోరు పడలేక. గిన్నె ఒళ్లో పెట్టుకుని ఈశ్వరి నడిపే కారెక్కింది.

"ఆ మలుపులో రెండూ కాసేపు కలిసి తిరిగేలా మార్చానత్తా. ఒకటి ఆగేలోపే రెండోది అందుకుంటాది. మూతమీంచి సెయ్యి తియ్యి."

"ఒలికిందంటే పెళ్లోరు మళ్లీ మన గుమ్మం తొక్కరే!"

మూడో మలుపులో వాళ్లకి ముందు పోతున్న కారు ఎగిరిపడింది. వరహాలమ్మ కళ్లు మూసుకుని చెయ్యి తీసేసింది.

తెరిచేసరికి నాలుగో మలుపు దాటారు. మూత చుట్టూ ఒక్క బొట్టు లేదు.

పెళ్లింట్లో గిన్నె దించుతూ ఆవిడ గొంతెత్తింది.

"ఓలమ్మా, అటకమీది పెద్ద గిన్నెలు దింపండే! నా కోడలు కొండని సదును సేసేసింది!"