కోయని చేనుచెక్క

“జూలై సగం దాటింది. డెల్లా చెక్కలో ఒక్క ఈగా లేదు,” అంది వెర్నా, ఈగల్ని పట్టడానికి అక్కడ కట్టిన పసుపు జిగురట్టను తిప్పి చూస్తూ.

కూతురు డెల్లా పోయాక ఆ బ్లూబెర్రీ చేనుచెక్కను కోయకుండా వదిలేశారు. రాలిన పళ్లలోని పురుగులు చలికాలమంతా మట్టిలో దాగి, ఏటా అన్ని చేలకంటే ముందు అక్కడే ఈగలై లేచేవి.

“పోయినేడు పళ్లన్నీ రాలకముందే మన డెల్లాయే వచ్చి తినేసిందేమో, ఓరిన్.”

భర్త ఇంకో అట్ట కట్టడానికి వంగాడు.

వెర్నా కొట్టంలోకి వెళ్లింది, వెనకే ఓరిన్ వచ్చాడు. డెల్లా పళ్లు దూసే చిన్న ఇనుప దువ్వెనను, కూతురు పోయాక తనే కడిగి గోడకు తగిలించింది. ఇప్పుడు దాని నిండా నీలిమరకలు.

“దీంతోనా కోశావు? ఎప్పుడు?”

“పోయిన ఆగస్టులో, నువ్వు చర్చికెళ్లినప్పుడు. దాని పళ్లు పురుగులు తింటుంటే చూళ్లేకపోయా.”

ఆమె దువ్వెనను మళ్లీ గోడకు తగిలించలేదు.

“ఈసారి నన్నూ పిలువు.”