నాలుగు టైర్ల ఎడం

తెల్లారేసరికి మబ్బు ప్రొద్దుటూరు మిద్దెల మీదికి దిగింది. చినుకు మాత్రం రాల్చలేదు.

నాగేంద్ర తన ఎర్ర స్పోర్ట్స్ కారును టైర్ల అంగడి ముందు ఆపాడు. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. లింగాలలో అరటితోటలున్న మనిషి. పెళ్లాం కంటే దాన్నే పదిలంగా చూసుకుంటాడని ఊళ్లో ఎగతాళి.

అంగడాయన వంగి చూశాడు.

"నాలుగూ గుండైపోయినాయప్పా. తీగ కనబడతాంది. వీటి మీద ఈడిదాకా ఎట్లొచ్చినావు?"

"అందుకే కదా వచ్చింది. కొత్తవి చూపీ."

అంగడాయన రెండు రకాలు దొర్లించుకొచ్చాడు.

"ఇది గట్టి రబ్బరు, శానా ఏండ్లు వస్తాది. ఇది మెత్తంది. బిరీన అరుగుతాది గానీ, బ్రేకు కొడితే ఆడనే నిలబడతాది."

నాగేంద్ర గట్టిదాని మీద చెయ్యేశాడు.

"మెత్తంది తీసుకో నాయనా," అంది పక్కనుంచి ఒక గొంతు. "ఏ టైరైనా పోతాది. నిలబడాల గదా."

పాత మోపెడ్ పక్కన ఒక ముసలాయన. మాసిన టోపీ. మోపెడ్ వెనక రెండు అరిగిన టైర్లు కట్టుకున్నాడు. హ్యాండిల్‌కు సున్నం డబ్బా వేలాడుతోంది.

"ఈ మామను కమీషన్‌కు పెట్టుకున్నావా ఏంది?" అన్నాడు నాగేంద్ర.

అంగడాయన నవ్వాడు. నాగేంద్ర ఏమనుకున్నాడో, మెత్తవే వేయమన్నాడు.

పాతవి నాలుగూ నేల మీద పడగానే ముసలాయన దగ్గరికొచ్చాడు.

"అవి నాకిస్తావా నాయనా?"

"ఏం చేస్తావు?"

"రోడ్డుకు అడ్డం ఏసేకి."

నాగేంద్ర ముఖం మారిపోయింది. పోయినేడు బంద్ అని ఎవరో రోడ్డు మీద టైర్లు కాల్చారు. ఆ పొగ వెనక అతని అరటికాయల లారీ నిలబడిపోయింది. కాయంతా మాగి, కారి, ఈగల పాలైంది.

"ఏ పార్టీ మామా నీది? ఈ వయసులో గూడా బందులా?"

"బందు గాదు నాయనా. ఆడ నీళ్లు..."

"నీళ్ల కోసమైతే ఆఫీసు కాడికి పోయి అడుగు. కాల్చేకి నా టైర్లే కావల్సినాయా?"

అంగడాయన వైపు తిరిగాడు.

"నాలుగూ కోసి పారెయ్. నా కండ్ల ముందరే కొయ్యి."

రంపం కరకరమంది. ముసలాయన చూస్తూ నిలబడ్డాడు. నాలుగోది కూడా తెగాక, మోపెడ్ ఎక్కి పోయాడు.

వానలు పట్టుకున్నాయి. గండికోట రిజర్వాయరు నిండింది.

ఒక సాయంత్రం నాగేంద్ర, భార్య భార్గవిని ఎక్కించుకుని జమ్మలమడుగు నుంచి తాడిపత్రికి పెళ్లికి బయలుదేరాడు. ఫోనులో మ్యాపు ఒక అడ్డదారి చూపించింది. కొండాపురం చేరువయ్యేసరికి తారురోడ్డు నున్నగా, ఖాళీగా సాగింది. ఎదురు బండే లేదు.

"రోంత మెల్లగా పోరాదా," అంది భార్గవి.

"కొత్త టైర్లు. ఎట్ల పోతాందో చూడు."

వాన ధారల మధ్య, నడిరోడ్డు మీద ఒక ఆకారం లేచింది. రెండు చేతులూ చాచింది. ఒక చేతిలో బ్యాటరీ లైటు.

నాగేంద్ర బ్రేకు తొక్కాడు. బండి కీచుమని, ఆ మనిషికి మూరెడు దూరంలో నిలబడింది.

"సచ్చేకి నా బండే దొరికిందా నీకు?"

ఆ మనిషి అద్దం దగ్గరికొచ్చాడు. తల మీద గోనెసంచి. నోటికి అడ్డంగా తువ్వాలు. దగ్గు ఆగడం లేదు.

"దారి లేదు నాయనా. ముందరంతా నీళ్లే. ఎనిక్కి పో."

అద్దం మీద నీళ్లు పక్కకు జరిగినప్పుడు కనిపించింది. ఆయన నిలబడిన చోటికి కాస్త అవతలే, తారురోడ్డు నీళ్లలోకి దిగిపోయింది.

భార్గవి మొగుని చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాగేంద్ర బండి వెనక్కి తిప్పాడు.

కొన్ని వారాలకు వాన తెరిపిచ్చాక భార్గవి పట్టుబట్టింది.

"ఆయప్ప ముఖం గూడా సూడకుండా వచ్చేసినాం. ఒకసారి పోయి మొక్కి వద్దాం."

తోటలో మంచి గెల ఒకటి కోయించి, కారులో పెట్టుకుని పోయారు. పగటి వెలుతురులో ఆ దారి వేరుగా ఉంది. నీళ్లకు ముందు, రోడ్డుకు అడ్డంగా, సున్నం కొట్టిన పాత టైర్లు. ఆ అంచు నుంచి కొన్ని, ఈ అంచు నుంచి కొన్ని. నడుమ ఖాళీ.

నాగేంద్ర దిగి ఆ ఖాళీ వైపు చూశాడు. నాలుగు టైర్లు పడతాయి.

"ఏమైంది?" అంది భార్గవి.

"ఏం లేదు."

ముంపు ఊళ్ల వాళ్లకు కట్టిన కాలనీలో అడిగితే ఒక రేకుల ఇల్లు చూపించారు. గోడకు మోపెడ్ ఆనించి ఉంది. హ్యాండిల్‌కు సున్నం డబ్బా అట్లే వేలాడుతోంది.

ముసలామె గడప దగ్గరికొచ్చింది. పేరు జరీనా.

"నూర్ అహ్మద్ కోసమా? పానం పాయ నాయనా. వాన్లో నిలబడి నిలబడి, దగ్గు రొమ్ముకు దిగె. ఈ పొద్దే ఆయన పేరున ఫాతెహా చదివించినాం. అన్నం టయానికొచ్చినారు, తిని పోవల్ల."

"ఆ టైర్లు..." అన్నాడు నాగేంద్ర.

"మునిగిన ఊరు మాదే. ఆ దారి నీళ్లలోకి పోతాదని మాకు తెలుసు. ఫోనుకు తెలీదు గదా. పోయినేడు ఒక ఆటో దిగిపాయ. అప్పట్నుంచి టైర్లు అడుక్కొచ్చి పరుస్తాండె. నాలుగు తక్కువొచ్చె. ఇంతలో వాన్లు పట్టుకునె. టైర్లు లేని కాడ తానే నిలబడతాండె."

భార్గవి గెలను గోడ వారగా దించింది. జరీనా చాప పరిచి పళ్లేలు పెట్టింది. అన్నం వడ్డిస్తూ, వాకిట్లోని ఎర్ర కారు వైపు ఒకసారి చూసింది.

"ఆ పొద్దు తడిసొచ్చి ఒకటే నవ్వు. 'జరీనా, టైర్లు ఇయ్యనన్న పిల్లోడే వచ్చినాడు. నేను చెప్పినవే ఏసుకున్నాడు. బండి నిలబడింది' అన్నాడు."

నాగేంద్ర తల వంచుకున్నాడు.

ఆమె అతని పళ్లెంలో ఇంకో గరిటె అన్నం పెట్టి, ఎదురుగా తానూ కూర్చుంది; ముగ్గురూ తిన్నారు.