మెడలో రేకుబిళ్ళ

ఇంకా నాలుగు రోజులు. ఆదివారం హవానా నుంచి అధికారి వస్తాడు. బల్తసార్ చేతిలో ఒక కాగితం పెడతాడు. అది చేతిలో ఉంటే ఈ చెరకుతోట గేటు దాటి ఎటు పోయినా ఎవడూ ఆపడు. ముందు హవానాకే పోవాలి. తనతో పాటే ఓడ దిగిన చెల్లెలు అక్కడ ఎవరింట్లోనో బట్టలుతుకుతోంది. ఆమె మొహం చూసి ఐదేళ్ళయింది.

తోటలో రెండువందల మంది ఉన్నారు. అందరూ చచ్చేదాకా బానిసలే, ఒక్క బల్తసార్ తప్ప. అతణ్ణీ చెల్లెల్నీ కాంగో తీరం నుంచి తెస్తున్న ఓడను, బానిసల ఓడల్ని వేటాడే ఇంగ్లీషు నౌక సముద్రం మీద పట్టుకుంది. ఓడ అడుగున మూడువందల మందిని గొలుసులతో కట్టి కుక్కారు. ప్రాణాలతో దిగింది నూట ఎనభై మంది. వీళ్ళు బానిసలు కారని హవానా కోర్టు చెప్పింది. చెప్పి, పేరూ నంబరూ చెక్కిన రేకుబిళ్ళలు మెడలో కట్టి, ఐదేళ్ళు పని నేర్చుకోండని ఇలాంటి తోటలకే పంపింది. స్వేచ్ఛ ఇచ్చేవాళ్ళ తెలివి అలా ఏడిచింది.

పని బాగానే నేర్పారు. మిగతావాళ్ళకు నేర్పిన కొరడాతోనే. మొదటి ఏడాది స్తంభానికి కట్టి కొడుతుంటే, అరవకూడదని బల్తసార్ ఆ బిళ్ళను పళ్ళ మధ్య బిగించాడు. అంచున రెండు పంటిగాట్లు పడ్డాయి. చదువు రాదు కాబట్టి ఆ బిళ్ళ మీద అతనికి తెలిసిన అక్షరాలు ఆ రెండే.

ఈ నాలుగు రోజులూ ఎవరి కంటా పడకూడదని తల వంచుకుని తిరుగుతున్నాడు. చెరకు నరుకుతున్నా ధ్యాసంతా ఒళ్ళు కాపాడుకోవడం మీదే. మొన్న సోమవారం హిలారియో చెయ్యి గానుగలో పడింది. హిలారియోది బల్తసార్ ఈడే, ఇద్దరూ ఒకటే పొడవు. గానుగ పక్కన ఎప్పుడూ ఒక కత్తి వేలాడుతూ ఉంటుంది. చెయ్యి పడితే చెయ్యి నరుకుతారు గాని గానుగ ఆపరు. ఇప్పుడు హిలారియో రోగుల గదిలో జ్వరంతో మూలుగుతున్నాడు.

మధ్యాహ్నం గంట కొట్టాక మేస్త్రీ ఫెర్మిన్ కేకేశాడు.

“ఏరా, ఆ బిళ్ళేంట్రా అట్టా మసిబారిపోయింది? నంబరు కనపడి చావట్లేదు. అధికారి చదవలేకపోయాడనుకో, వచ్చిన బండిలోనే వెనక్కి పోతాడు. మళ్ళీ వచ్చే ఏడే. పోయి కమ్మరితో తోమించుకో.”

బల్తసార్ బిళ్ళను గుప్పిట్లో పట్టుకున్నాడు. సరాసరి వంటపాకకు పోయాడు. ముసలి తిబుర్సియా అరటికాయలు ఉడికిస్తోంది. సంగతి విని గరిటె పక్కన పడేసింది.

“ఒరేయ్, అది మెళ్ళోంచి తీశావో, ఈ తోట నిన్ను మింగేస్తుంది. ఆ ఫెర్మిన్ గాడు మంచిగా మాట్లాడిన రోజే భయపడాల్రా నాయనా.”

“తియ్యకపోతే నంబరు కనపడదంట కదే అవ్వా.”

“నోటితో చెప్పు. నోరు లేదా నీకు?”

“నల్లోడి నోటిమాట ఎవడు నమ్ముతాడే?”

ముసల్ది పొయ్యి ఎగదోసింది. మళ్ళీ గరిటె అందుకుంది.

కమ్మరి బిళ్ళ తీసుకుని, సాయంత్రం రమ్మన్నాడు. ఆ పూటంతా బల్తసార్ బోసి మెడ తడుముకుంటూనే ఉన్నాడు. కొలిమి వైపు చూడబోయి కత్తితో కాలు కోసుకున్నాడు కూడా. తీరా సాయంత్రం వెళితే, కమ్మరి కొలిమి వైపే చూస్తూ బిళ్ళ చేతిలో పెట్టాడు. తళతళా మెరుస్తోంది. బల్తసార్‌కి ప్రాణం లేచొచ్చింది. అంచు వెంట వేలు పోనిచ్చాడు. పంటిగాట్లు లేవు. సుత్తితో సాపు చేసినట్టున్నాడు. పోనీ, ఆ గాట్లను దాచుకుని ఏం చేసుకోవాలి? బిళ్ళ మెడలో కట్టుకుని వంటపాకకు పోయాడు.

“చూశావా అవ్వా? ఊరికే భయపెట్టి చంపావు.”

“చూశాన్లే. పెళ్ళికొడుకులా ఉన్నావు,” అంది తిబుర్సియా. ఆమెకూ నవ్వొచ్చింది.

శుక్రవారం పొద్దున హిలారియో పోయాడు. గానుగకు చెరకు అందించే వరసలో ఖాళీ కనిపిస్తే దొరగారికి నచ్చదని మేస్త్రీ బల్తసార్‌ను ఆ చోట నిలబెట్టాడు. “రెండు రోజులే కదరా,” అన్నాడు. హిలారియో రెండో చొక్కా, టోపీ కూడా ఇప్పించాడు. చొక్కా చిరుగుల్లేకుండా ఉంది. చెల్లెలి ముందుకు చింకిపాతలతో పోనక్కర్లేదని బల్తసార్ సంతోషించాడు. అంతలోనే చచ్చినవాడి చొక్కాకు సంతోషపడుతున్నందుకు సిగ్గేసింది.

శనివారం పట్నం నుంచి పాదిరి కంచరగాడిద మీద వచ్చాడు. గొయ్యి తవ్వింది బల్తసారే. శవాన్ని మాత్రం మేస్త్రీ, ఎన్నడూ లేనిది, తన చేతులతోనే గోనెలో పెట్టి కుట్టాడు.

“ఎవరీ మనిషి? పేరు రాసి హవానాకు పంపాలి నేను,” అన్నాడు పాదిరి.

“మెళ్ళోనే ఉంది, చూడండి ఫాదర్,” అంటూ మేస్త్రీ గోనె మూతి విప్పాడు.

బల్తసార్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. హవానా దారి గేటు దాటాక కుడికా, ఎడమకా అని ఆలోచిస్తున్నాడు.

పాదిరి వంగి, శవం మెడలో వేలాడుతున్న, అంచున రెండు పంటిగాట్లున్న రేకుబిళ్ళను ఎండకు పట్టుకుని, అందరికీ వినపడేలా చదివాడు: “బల్తసార్, ఏడువందల పదమూడో నంబరు.”