పాత పీసు దిగితేనే

“ఏది గావాలో మీరే సెప్పండి బాబాయ్,” అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే అమర్‌నాథ్, కౌంటర్ మీద రెండు ఎస్‌ఎస్‌డీ డిస్కులు పెట్టి.

ఒకటి చూయింగ్‌గమ్ పట్టీ అంత. రెండోది పేకముక్కల పెట్టెంత. వాటి పక్కన ప్రేమ్‌కుమార్ లాప్‌టాప్ మూత తెరిచి ఉంది. ఎనిమిదేళ్ల నాటిది. ఆన్ చేసి, స్నానం చేసి వస్తే తప్ప తెరుచుకోదు. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే చిటికెలో లేస్తుందని ప్రేమ్ ఆర్నెల్లుగా ఇంట్లో సణుగుతూనే ఉన్నాడు. ఫ్యాక్టరీ డ్యూటీ తెమిలితే కదా!

ఇవాళ కొడుకు ప్రేమ్ షిఫ్టుకెళ్లగానే వెంకటరావు దాన్ని సంచిలో పెట్టుకుని గోల్‌బజార్ వచ్చేశాడు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేసిన మనిషి. బోగీ చక్రం విప్పమంటే విప్పుతాడు గానీ, ఇలాంటి వాటి జోలికి ఏనాడూ పోలేదు. పొద్దుట్నుంచీ ఆయనకు టీ కూడా సయించలేదు.

“రెండిటికీ తేడా ఏటి?” అని అడిగాడు.

“ఈ సిన్నది బెస్టు. దీనికి లోపల వేరే గాడి ఉంది. పాత హార్డ్‌డిస్కు దాని సోట అదే ఉంటాది. ప్రేమ్ ఫైళ్లన్నీ భద్రం. ఈ పెద్దదైతే పాత డిస్కు పీకేసి ఆ సోట్లో పెట్టాల. పైగా వేగం కూడా తక్కువే.”

“పాతదాంట్లోవి పోతే మళ్లీ తియ్యగలరేటి బాబూ?”

“డిస్కు బాగుంటే తుడిసేసినవి కూడా తియ్యొచ్చు. మీరేం భయపడకండి.”

వెంకటరావుకు భయం తగ్గలేదు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

“పెద్దదే వెయ్యి,” అన్నాడు చివరికి.

అమర్‌నాథ్ నెత్తి కొట్టుకున్నాడు. “అరే బాబాయ్, నేను సెప్పింది తెలుగులోనే గదా?”

“మా వర్క్‌షాపు రూలు బాబూ. పాత పీసు దిగితేనే కొత్త పీసు ఎక్కాల.”

“ఠీక్ హై. మీ ఇష్టం!”

సాయంత్రం ప్రేమ్ ఇంటికొచ్చి లాప్‌టాప్ ఆన్ చేశాడు. పది సెకన్లు. “వాహ్!” అంటూ తండ్రి భుజం తట్టాడు. తల్లి సింహాచలమ్మ వంటింట్లోంచే మురిసిపోయింది.

అంతలో ప్రేమ్ వేళ్లు ఆగిపోయాయి.

“నాన్నా, నా ఫైళ్లేవి? కాపీ సేయించలేదా?”

“నేదు.”

“పోనీ, పాత డిస్కు ఇలా ఇయ్యి.”

వెంకటరావు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. డిస్కుకు అటూ ఇటూ తేలిన మూడు కన్నాలున్నాయి.

“ఇదేటిది?”

“కండెమ్ సేసినాను. అమర్‌నాథ్ పక్క కొట్లో డ్రిల్లుంటే అడిగి, నేనే కన్నాలేసినాను.”

వర్క్‌షాపులో అది రూలే. పనికిరాదని కండెమ్ రాసిన పీసును కన్నం పొడిచో, విరగ్గొట్టో గానీ తుక్కులో వేయరు. లేకపోతే ఏ దొంగో ఎత్తుకెళ్లి, రంగేసి, మళ్లీ రైలుకే అంటగడతాడు. బేరింగులకు పెట్టిన రూలు లాప్‌టాప్‌కు పెడితే ఏమవుతుందో ప్రేమ్ మొహం చూస్తే తెలుస్తుంది.

ప్రేమ్ వెంటనే అమర్‌నాథ్‌కు ఫోన్ కలిపాడు.

“మూడు కన్నాలా?” అమర్‌నాథ్ గొంతు స్పీకర్లో పగలబడి నవ్వింది. “బాబాయ్ పక్క కొట్లో డ్రిల్లు అడిగితే ఎందుకో అనుకున్నాను. ఇంక దేవుడు దిగొచ్చినా తియ్యలేడు భయ్యా.”

ప్రేమ్ డిస్కును గోడకేసి కొట్టాడు.

“నీకు బుర్రుందా? ఫోను పోయినప్పట్నుంచీ నావన్నీ దాన్లోనే ఉన్నాయి! ఇంకెక్కడా లేవు. రేపు వాటితో నాకు పనుంది!”

“అంత ముఖ్యమైనవి ఏటున్నాయిరా?” అంది సింహాచలమ్మ పరుగున వచ్చి.

“ఫ్యాక్టరీ కాయితాలు,” అన్నాడు ప్రేమ్. “నా బతుకు పాడుసేసినాడు ముసలాడు!”

కుర్చీని తన్ని బయటికి వెళ్లిపోయాడు. బైకు చప్పుడు ఇళ్ల లైను చివరిదాకా వినిపించింది.

ఇక సింహాచలమ్మ అందుకుంది. “పిల్లోడికి మేలు సేద్దామని ఎల్లి కొంప ముంచినావు. రిటైరై ఆరేళ్లయినా నిన్ను ఆ వర్క్‌షాపు యావ ఒగ్గదేటి? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారేటి?”

ఒక మాటంటే నాలుగు అప్పజెప్పే వెంకటరావు ఇవాళ తల వంచుకుని విన్నాడు. భుజాల మీద మోసి పెంచిన కొడుకు. వాడి చేత ఆ మాట పడ్డందుకు కాదు ఆయన బాధ. ముక్కలైన డిస్కును ఏరి సంచిలో వేసుకున్నాడు. చిన్న ముక్క మంచం కిందికి పోతే వంగి మరీ తీశాడు.

తర్వాత పెరట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. రాత్రి ప్రేమ్ ఫోన్లో చూసి రాసుకున్న చీటీ జేబులోంచి తీసి, దాని మీది నంబరు నొక్కాడు. చాలాసేపు మోగింది.

“హలో...” అంది ఒక అమ్మాయి గొంతు, వినీ వినపడనట్టు.

“అమ్మా, నేను ప్రేమ్ నాన్నని... రాత్రి మావోడు నిన్ను ఫోన్లో బెదిరిస్తంటే ఇన్నాను, ఆ ఫోటోలు ఇంక నేవు, రేపు ఆడు రమ్మన్న సోటికి నువ్వెల్లక్కర్నేదు తల్లీ,” అన్నాడు వెంకటరావు.