ఖద్దరు ఒళ్ళు

“ఆ చొక్కాతో నా పక్కన కూర్చోకు. కంపు!”

సోమేశ్వరరావుగారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. కొడుకు తాతాజీ బల్ల మీంచి లేచి, ఆసుపత్రి వసారాలో గోడకి జారగిలబడ్డాడు. ఒంటి మీద తెల్ల టెరిలిన్ చొక్కా. ఆ పొద్దున్నే ఉతికి ఆరేసి తొడుక్కున్నది.

ఆయనకి బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఖద్దరే. టెరిలిన్ అంటే మహా రోత. చెమట పీల్చదు, చర్మానికి అంటుకుపోతుంది, నిప్పు తగిలితే కాలి బూడిదవకుండా ముద్దగా కరుగుతుంది. అదీ ఒక గుడ్డేనా? భార్య రమణమ్మ ముచ్చటపడి కొనుక్కున్న టెరిలిన్ చీరని చచ్చిన ఎలకలా కర్రతో ఎత్తి కాలవలో పారేశారు. అలాంటి మనిషి కొడుకు అమలాపురం బజార్లో టెరిలిన్ కొట్టు పెడుతున్నాడు. రేపే ముహూర్తం.

“మీరొచ్చి తలుపు తియ్యాలి నాన్నగారూ.”

“ఆ దరిద్రం అమ్మేవాడు నా గడప తొక్కక్కర్లేదు. నేను పోయినా రానక్కర్లేదు.”

తాతాజీ కళ్ళు తుడుచుకున్నాడు. నిరుడు రక్తనాళం పూడుకుపోయి తండ్రి కాలివేళ్ళు నల్లబడి కుళ్ళాయి. ఆ వాసనకి చుట్టాలు వీధిగుమ్మంలోంచే వెనక్కి పోయేవారు. చీము కడిగింది తాతాజీ. రాయవెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, పూడిన నాళానికి బదులు గొట్టం వేయించి కాలు దక్కించిందీ అతనే. ఇంత చేస్తే దక్కింది ఈ ఛీత్కారం.

డాక్టర్ ఎలీసమ్మగారు ఇద్దర్నీ లోపలికి పిలిచి, ఆయన పాదం మీద వేళ్ళు ఆనించారు. నాడి చక్కగా కొట్టుకుంటోంది.

“గొట్టం బాగా కలిసిపోయిందండీ. కుట్టేముందు దాన్ని మీ రక్తంలోనే నానబెట్టేరు, నేత కన్నాలు పూడిపోవాలని. ఇప్పుడు బయటి కండ ఆ కన్నాల్లోకి పెరిగి పట్టేసుంటుంది. లోపల చివర్ల దగ్గర మీ నాళం పొరే దాని మీదకి పాకుతుంది. నడిమంతా మీ రక్తమే నున్నగా పూత పెట్టేస్తుందండీ.”

“నేతా? అంటే గుడ్డేనాండీ?”

“ఆయ్, గుడ్డేనండి.”

ఆవిడ బీరువాలోంచి అలాంటి గొట్టం ముక్క తీసి ఆయన చేతిలో పెట్టారు. తెల్లగా, ముడతలు ముడతలుగా ఉంది. ఆయన దాన్ని వేళ్ళతో నిమిరారు, చెంపకి ఆనించుకున్నారు.

“ఆహా, ఏం నేతండీ! చూడరా వెధవా, గుడ్డంటే ఇదీ. నూలు గనకే నా ఒళ్ళు తనలో కలిపేసుకుంది.”

తాతాజీ తల దించుకుని చొక్కా అంచు సర్దుకున్నాడు.

“మీరైనా బుద్ధి చెప్పండి డాక్టరమ్మగారూ. వీడి రోత టెరిలిన్ నా ఒంట్లో ఒక్క పూటైనా నిలుస్తుందాండీ?”

ఎలీసమ్మగారు కొడుకు వంక చూసి, తండ్రి వైపు తిరిగారు.

“ఏడాదిగా నిలిచే ఉందండీ.”