అయిదో తాళం

"కొయ్యండి!" అన్నాడు ప్లాంట్ ఇన్‌ఛార్జి కిషన్‌లాల్.

ఎవరూ కదల్లేదు. అందరూ ఫిట్టర్ శాంతికుమార్ మొహంలోకి చూశారు. కొయ్యమంటున్న తాళం అతను చేసిందే మరి.

అడవి అంచున ఉన్న ఆ బొగ్గు ప్లాంట్‌లో పొద్దున బొగ్గు నలగ్గొట్టే క్రషర్‌కి పెద్ద బండ అడ్డం పడింది. దాన్ని పగలగొట్టడానికి అయిదుగురు క్రషర్‌లోకి దిగారు. దిగేముందు ఒక్కొక్కరూ స్విచ్చుల ప్యానల్ తలుపుకి తమ తాళం వేసి, దాని చెవి జేబులో పెట్టుకున్నారు. పైకి వచ్చినవాడు తన తాళం తీసుకుంటాడు. చివరి తాళం కూడా ఊడితేగానీ తలుపు తెరుచుకోదు, మిషన్ నడవదు. ఇప్పుడు నాలుగు ఊడాయి. అయిదోది గడియకి వేలాడుతూ అందరినీ వెక్కిరిస్తోంది.

అది ఇన్నయ్య తాళం. కూతురు అక్సాను ఖమ్మం కాలేజీలో చేర్పించే హడావుడిలో ఇన్నయ్య పైకి ఎక్కడమే ఆలస్యం, బస్టాండుకు పరుగెత్తాడు.

"సార్, ఎవరి తాళం వాళ్లే తియ్యాలె. కోసుడు రూల్ల లేదు," అన్నాడు శాంతికుమార్.

పక్కనే నీళ్ల పంపుల హోరు. మామూలు మాట కూడా అరిచే చెప్పుకోవాలి. కిషన్‌లాల్‌కి అది అలవాటే.

"రూల్సు నాకు చెప్తున్నవా? అక్కడ సైడింగ్‌ల బొగ్గు నింపాల్సిన రైలు ఖాళీగ నిలబడ్డది! ఇగో, నువ్వే మాట్లాడు," అని సెల్‌ఫోన్ చేతిలో పెట్టాడు.

అవతల బస్సు హారన్ల మధ్య ఇన్నయ్య గొంతు వినిపించింది. "తమ్మీ, తప్పయింది. జూలూరుపాడు దాటినంక యాదికొచ్చింది. చెవి నా జేబుల్నే ఉంది. అందరికన్న ఆఖరుకు ఎక్కింది నేనే, లోపల పురుగు గూడ లేదు. కోసెయ్యుండ్రి."

అయినా శాంతికుమార్‌కి మనసు ఒప్పలేదు. ఈ తాళాలకి ఇదే మొదటి రోజు. పాత తాళాలు పిడికిలంత ఉండేవి, గడియకి రెండే పట్టేవి. మూడోవాడు దేవుడి మీద భారం వేసి దిగేవాడు. పోయిన వానాకాలం ఆ మూడోవాడు వాసు, అతను లోపలుండగానే ఎవరో మిషన్ నడిపారు. ఇప్పుడు ఒంటి చేత్తో స్టోర్‌లో నట్లు లెక్కపెడుతున్నాడు. అప్పటినుంచి ఎనిమిది నెలలు వర్క్‌షాప్‌లో రుద్ది రుద్ది, బొటనవేలంత తాళం చేశాడు శాంతికుమార్. గడియకి ఆరు పడతాయి. ఇవాళ సరే అనిపించుకుంటే ప్లాంట్‌లోని ప్రతి ప్యానల్‌కీ ఇవే. లేకపోతే మళ్లీ ఆ పిడికిలి తాళాలే, మళ్లీ ఎవడో ఒక మూడోవాడు.

"అయిదు నిమిషాలు," అన్నాడు కిషన్‌లాల్ వేలు చూపిస్తూ. "క్రషర్ నడవాలె. లేకపోతే రేపు పొద్దుగాల నీ బొమ్మ తాళాలన్ని స్క్రాపుల పడ్తయి."

తెల్ల హెల్మెట్ సవరించుకుని విసవిసా ప్యానల్ గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు.

పెద్ద ఫిట్టర్ పిచ్చయ్య హాక్సా రంపం అందుకున్నాడు. తాళం మరీ చిన్నది, పట్టుకుందామంటే వేళ్లకి దొరకదు. తాళం కొంకికీ గడియకీ మధ్య సందు లేదు, బ్లేడు జారిపోతోంది. మొదటి బ్లేడు టక్కున విరిగింది. రెండోదీ అంతే. మూడోది పళ్లు ఊడి నున్నగా అయింది.

"ఏం ఇనుమురా ఇది? లోకం మీద పగబట్టి చేసినవా?" అన్నాడు పిచ్చయ్య చెమట తుడుచుకుంటూ.

"పాత బేరింగు ఉక్కు, అన్నా."

"మంచిగనే చేసినవ్. మా పానం తీసెటట్టు చేసినవ్."

శాంతికుమార్ నిలబడలేక కూర్చున్నాడు, కూర్చోలేక లేచాడు. బ్లేడు విరిగినప్పుడల్లా లోపల సంతోషం, గడియారం చూసినప్పుడల్లా భయం. తను చేసిన తాళం తెగాలని కోరుకోవాలో, తెగకూడదని కోరుకోవాలో తెలియడం లేదు. నాలుగో బ్లేడు విరిగింది. అరగంట దాటింది.

"అయిదు నిమిషాలన్న సారు ఇంకా రాలేదేంది?" అన్నాడు శాంతికుమార్.

"ఇంకోచోట ఎవర్నో తిడుతుంటడు. నీ అదృష్టం," అన్నాడు పిచ్చయ్య.

ఆరో బ్లేడుకి కొంకి తెగింది. తాళం టంగుమని కింద పడింది. శాంతికుమార్ వంగి తీసుకున్నాడు. అరచేతిలో ఇంకా కాలుతోంది. ఎనిమిది నెలల పని తెగి చేతిలో పడేసరికి ఏడుపు ఆగలేదు, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"గట్ల ఏడ్వకు తమ్మీ. ఇంత సతాయించిన తాళం నేనెన్నడు చూడలె. సారుకు నేను చెప్త గద," అంటూ పిచ్చయ్య ప్యానల్ తలుపు తెరిచాడు. పచ్చ బటన్ మీద బొటనవేలు ఆనించాడు. "ఆన్ చేస్తున్న!"

బటన్ నొక్కేలోపే, కిటికీ అవతల క్రషర్ లోపల రాళ్లు గలగలమన్నాయి. దాని నోటి అంచు మీదికి ముందు ఒక టార్చిలైటు, తర్వాత ఒక తెల్ల హెల్మెట్, దానికింద బొగ్గు పూసుకున్న కిషన్‌లాల్ మొహం లేచాయి.

"అరగంట సంది లోపల్నే ఉండి ముక్క ముక్క చూసిన, అంత క్లియర్ ఉంది!" అని అరిచాడు. "ఇంకా నడపరేందయ్యా?"